కూల్గార్డీ ఎందుకు ఖాళీ అయింది, కాల్గూర్లీ ఎందుకు నిలిచింది?

నల్లరేగడి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం నుంచి తూర్పుగా సుమారు 560 కిలోమీటర్లు కారులో ప్రయాణించి, కిందటి నెల కూల్గార్డీ అనే పాత బంగారు గనుల ఊరు చూసి వచ్చాను. ఊరి ప్రధాన వీధి అయిన బేలీ స్ట్రీట్ వెడల్పు చూసి మొదట ఆశ్చర్యపోయాను. బరువులు మోసే ఒంటెల బారు మొత్తం వెనక్కి మళ్ళడానికి వీలుగా అంత చోటు విడిచిపెట్టారని తరువాత తెలిసింది. 1898లో కట్టిన వార్డెన్ కోర్టు (గనుల తగాదాలు తీర్చే కోర్టు) భవనం తన రాతి కమానులతో ఇప్పటికీ ఠీవిగానే ఉంది. దాని ఎదుట నేను నిలబడిన పది నిమిషాల్లో మూడు వాహనాలు వెళ్ళాయి, వాటిలో రెండు ఊళ్ళో ఆగనే లేదు.

ఆ భవనం కట్టిన నాటికి ఊళ్ళో సుమారు 15 వేల మంది ఉండేవారు. పెర్త్, ఫ్రీమాంటిల్ తరువాత, అప్పటికి బ్రిటిష్ వలస రాజ్యమైన పశ్చిమ ఆస్ట్రేలియాలో మూడవ పెద్ద పట్టణం అదే. ఇప్పుడు అక్కడ వెయ్యి మంది కూడా లేరు. తూర్పున 39 కిలోమీటర్ల దూరంలోనే ఉన్న కాల్గూర్లీలో మాత్రం దాదాపు 30 వేల మంది నివసిస్తున్నారు, గనులు రాత్రింబవళ్ళు నడుస్తున్నాయి. నీళ్ళు లేక కూల్గార్డీ ఎండిపోయిందని బసలో ఒకరు చెప్పారు. కానీ 1903లోనే గొట్టం ద్వారా నీళ్ళు వచ్చాయి కదా, అదీ ముందు కూల్గార్డీకి, తరువాతే కాల్గూర్లీకి. ఒకే ఎడారి, ఒకే రైలు దారి, ఒకే నీటి గొట్టం ఉన్నప్పుడు ఒక ఊరు ఎందుకు పోయింది, రెండవది ఎందుకు మిగిలింది? తెలిసినవారు వివరించగలరు.

పలుగూపారా

నల్లరేగడి గారూ, ఆ ప్రాంతపు గనుల్లో పదకొండేళ్ళు భూగర్భ శాస్త్రం పని చేసినవాడిని కనుక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తేడా అంతా రాతిలోనే ఉంది, మిగిలినవన్నీ దాని వెనుక వచ్చినవే.

1892 సెప్టెంబరులో ఆర్థర్ బేలీ, విలియం ఫోర్డ్ అనే ఇద్దరు కూల్గార్డీ దగ్గర బంగారం కనుగొన్నారు. బేలీ 554 ఔన్సుల బంగారాన్ని, అంటే 17 కిలోలకు పైగా, గుర్రం మీద వేసుకొని పడమటన ఉన్న సదరన్ క్రాస్ చేరి అధికారి ఎదుట పెట్టాడు. ఆ రాత్రే ఆ ఊరి గనుల్లో పనివాళ్ళు సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది జూన్‌లో పాడీ హానన్, ఫ్లానగన్, షే అనే ముగ్గురు ఐరిష్‌వాళ్ళు ఇంకా తూర్పున, ఇప్పుడు కాల్గూర్లీ ఉన్న చోట, బంగారం కనుగొన్నారు. రెండు చోట్లా మొదట దొరికింది నేల మీద, నేలకు రెండు మూడు అడుగుల లోపల ఉన్నదే.

అక్కడి నేల కోట్ల సంవత్సరాలుగా ఎండకూ వానకూ కుళ్ళిన ఎర్రమన్ను. చుట్టూ ఉన్న రాయి కరిగి, కొట్టుకుపోయి, బరువైన బంగారం పైపొరలో మిగిలిపోయింది. అందుచేత పైన కనిపించే సంపద అడుగున ఉన్నదానికి కొలబద్ద కాదు. కూల్గార్డీలో ఆ పైపొర కింద ఉన్నవి చాలావరకు సన్నని పలుగురాతి సిరలు. అక్కడక్కడ ఉబ్బి, కొంత లోతుకు వెళ్ళాక సన్నగిల్లి, ఒక్కోసారి పూర్తిగా తెగిపోయేవి. కాల్గూర్లీ పక్కన బౌల్డర్ దగ్గర ‘గోల్డెన్ మైల్’ అని పేరుపడిన చోట బంగారం పలుగురాతిలో కాక, డోలరైట్ అనే నల్లరాతి నెర్రెల వెంట పరుచుకొని ఉంది. అది వెయ్యి మీటర్ల లోతు దాటినా తెగలేదు.

పైమన్ను పనిని గురించి ఒక మాట. నీళ్ళు లేని చోట బంగారాన్ని కడగడం కుదరదు కనుక, మన రైతులు కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబట్టినట్టే వాళ్ళు మట్టిని తూర్పారబట్టారు. ఒక పళ్ళెం తల ఎత్తున పట్టుకొని గాలివాటున కింది పళ్ళెంలోకి మట్టి పోస్తే, దుమ్ము ఎగిరిపోయి బరువైన రేణువులు కింద పడతాయి. నాలుగైదు సార్లు పోసిన తరువాత మిగిలిన పిడికెడు మట్టిని నోటితో ఊది, అడుగున పసుపు మెరుపు ఉందో లేదో చూసేవారు. ఒక పాత పనిముట్టుతో నేనూ ఒక మధ్యాహ్నమంతా ప్రయత్నించాను. కళ్ళ నిండా దుమ్ము తప్ప నాకేమీ దక్కలేదు.

కుప్పంవాసి

పలుగూపారా గారి వివరణ బాగుంది. మా తాతగారు కోలార్ గనుల్లో ఛాంపియన్ రీఫ్‌లో పనిచేశారు. చిత్తూరు జిల్లా నుంచి మా వైపువారు ఎందరో తరతరాలుగా ఆ పనికి వెళ్ళినవారే. ఆ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది కనుక, లోతున బంగారం ఉంటే ఊరు నిలుస్తుందన్న మాట నాకు సులువుగానే అర్థమవుతుంది. ఒక్క సందేహం. కాల్గూర్లీ రాతిలో టెల్యూరైడు (టెల్యూరియం అనే మూలకంతో బంగారం కలిసిన ఖనిజం) ఉందని, మొదట్లో దానిని ఎవరూ గుర్తించలేదని విన్నాను. కోలార్‌లో ఖనిజాన్ని దంచి, పాదరసానికీ సైనైడుకూ పట్టిస్తే బంగారం వచ్చేసేది. ఇక్కడ ఎందుకు గుర్తుపట్టలేకపోయారు?

పలుగూపారా

టెల్యూరైడులో బంగారం బంగారంలా కనిపించదు. కాలవెరైట్ అనే ఖనిజాన్ని తీసుకోండి: బరువులో నూటికి 40 పాళ్ళకు పైగా బంగారమే అయినా, చూపుకు పాలిపోయిన ఇత్తడిలా ఉంటుంది. పనివాళ్ళు దానిని పైరైట్ అనే విలువలేని ఇనుప ఖనిజం అనుకొని పక్కన పడేశారు. అలా పారేసిన రాతిని బాటల గుంతలు పూడ్చడానికీ, పొయ్యిల గోడలు కట్టడానికీ వాడారు. 1896లో అది ఏమిటో తేలిన తరువాత జనం బాటలు తవ్వుకున్నారు, పొగగొట్టాలు పడగొట్టుకున్నారు. ఈ కథకు కొంత మసాలా కలిసి ఉండవచ్చునేమో గాని, రాయి పారేయడమైతే నిజమే.

అసలు చిక్కు గుర్తించిన తరువాతే మొదలైంది. టెల్యూరియంతో పెనవేసుకున్న బంగారం పాదరసానికి అంటుకోదు, మామూలు సైనైడుకు త్వరగా కరగదు. ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి కొలిమిలో కాల్చి, టెల్యూరియాన్నీ గంధకాన్నీ వెళ్ళగొట్టి, ఆ పైన సైనైడు పట్టించాలి. లేదంటే డీల్ పద్ధతి ప్రకారం బ్రోమిన్ కలిసిన సైనైడుతో కరిగించాలి. కొలిమి, మర, కట్టెలు, నీరు, రసాయన శాస్త్రం తెలిసిన మనుషులు అన్నీ కావాలి. ఇంత పెట్టుబడిని పెద్ద ఖనిజపు మేట ఉన్న గని మాత్రమే మోయగలదు. అందుచేత పళ్ళెం పట్టుకున్న ఒంటరి మనిషి కాలం 1898 నాటికే ముగియసాగింది. ఆ ఏడాదే పైమన్నులో పనిచేసే హక్కుల మీద కాల్గూర్లీలో పెద్ద గొడవలు జరిగాయి.

వాటాదారు

రాయి సంగతి ఒప్పుకుంటాను గాని, లండన్ సంగతి వదిలేస్తే కథ సగమే అవుతుంది. కూల్గార్డీని అంత ఎత్తుకు లేపింది బంగారం కన్నా వాటాల వ్యాపారమే అని నా నమ్మకం.

1894లో కూల్గార్డీకి దక్షిణాన లండన్‌డెరీ అనే చోట ఆరుగురు మనుషుల జట్టుకు ఒక గుంతలో గోడల నిండా బంగారం పొదిగినట్టున్న పలుగురాయి కనిపించింది. ఫింగల్ ప్రభువు అనే ఐరిష్ జమీందారు ఆ గుంతను 1,80,000 పౌన్లకు, పైగా కొంత వాటాకు, కొన్నాడు. గుంతకు మూత వేసి ముద్ర పెట్టి, లండన్‌లో 7,00,000 పౌన్ల మూలధనంతో కంపెనీ పెట్టి వాటాలు అమ్మారు. 1895లో మూత తీసి తవ్వితే కొద్ది అడుగుల్లోనే బంగారం అయిపోయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు గాని, ఇక్కడ ఎలుకను ముందే పట్టుకొని చూపించి కొండ మొత్తం అమ్మేశారు. ఈ వార్త లండన్‌కు చేరాక కూల్గార్డీ పేరున్న ప్రతి కాగితం విలువా పడిపోయింది.

ఇందులో అందరూ మోసగాళ్ళని నేను అనడం లేదు. కొన్నవారు మోసపోవాలని తొందరపడ్డారు, అంతే. హోటళ్ళు, సారా బట్టీలు, పత్రికలు, రాతి భవనాలు అన్నీ ఆ పెట్టుబడి ప్రవాహం మీద లేచినవే. 1899లో కూల్గార్డీలో అంతర్జాతీయ గనుల, పరిశ్రమల ప్రదర్శన జరిపారు. అప్పటికే జనం తూర్పుకు తరలిపోతున్నారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత సరిగ్గా ఆ ఏటికి సరిపోతుంది.

చెరువుగట్టు

అందరూ నీటిని పక్కకు నెట్టేస్తున్నారు. నీరు ఊరిని చంపలేదన్న మాట నిజమే కావచ్చు, కానీ ఆ పదేళ్ళూ ఊరిలో మనుషులను చంపింది నీరే.

అక్కడ ఏడాదికి పడే వాన 260 మిల్లీమీటర్ల చిల్లర. మన అనంతపురంలో పడేదానిలో సగం అనుకోండి. నదులు లేవు, ఉన్న సరస్సులు ఉప్పు పేరుకున్న బల్లపరుపు నేలలు. స్థానిక ఆదివాసులు గ్రానైట్ బండల్లోని సహజమైన గుంటల్లో నిలిచిన వాన నీటిని, ఆవిరి కాకుండా పైన రాయి మూసి, ఏడాదంతా పొదుపుగా వాడుకునేవారు. ‘గ్నమ్మా’ గుంటలంటారు వాటిని. బంగారం కోసం వచ్చినవారూ, వారి గుర్రాలూ ఒంటెలూ ఆ గుంటలను రోజుల్లో ఖాళీ చేశాయి. ఆ ఆదివాసుల ఆకలి దప్పులకు ఎవరూ లెక్క రాసి పెట్టలేదు.

ఆ తరువాత ఉప్పునీటిని ఇనుప తొట్లలో మరగబెట్టి, ఆవిరిని చల్లార్చి మంచినీరు తీశారు. గాలను నీరు వేసవిలో రెండు షిల్లింగుల దాకా పలికింది. కొనలేనివారు దొరికిన నీరు తాగారు, టైఫాయిడ్ వచ్చింది. తొట్ల కింద మంట కోసం, గనుల ఆసరా దుంగల కోసం, కొలిముల కోసం చుట్టుపక్కల అడవినంతా నరికారు. కట్టెలు మోయడానికే ప్రత్యేకంగా రైలు పట్టాలు వేసి 1960ల దాకా నడిపారు.

1896లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రీమియర్ (ప్రభుత్వాధినేత) జాన్ ఫారెస్ట్ ప్రభుత్వం 25 లక్షల పౌన్ల అప్పుకు అనుమతి తీసుకుంది. అది దాదాపు ఆ వలస రాజ్యపు ఏడాది ఆదాయమంత. ఇంజనీరు సి. వై. ఓకానర్ పెర్త్ దగ్గరి కొండల్లో మండారింగ్ వద్ద ఆనకట్ట కట్టి, అక్కడి నుంచి 530 కిలోమీటర్ల పొడవున 30 అంగుళాల ఉక్కు గొట్టం వేసి, ఎనిమిది ఆవిరి పంపు కేంద్రాలతో రోజుకు 50 లక్షల గాలన్ల నీటిని ఎగువకు తోసే ఏర్పాటు చేశాడు. గొట్టపు రేకుల అంచులను రివెట్లతో కాక, పొడవాటి ఉక్కు కమ్మీలో ఇరికించి బిగించే పద్ధతి వాడడం వల్ల కారుడు తగ్గింది. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నాను, అంత పొడవు గొట్టాన్ని ఆ కాలపు పనిముట్లతో నాలుగైదేళ్ళలో పూర్తి చేయడం మాటలు కాదు.

మరచెంబు

కుళాయి తిప్పితే నీళ్ళు రాలేదని, ఆ అవమానంతోనే ఓకానర్ తనను తాను కాల్చుకున్నాడని చదివాను. అది నిజమేనా?

చెరువుగట్టు

కాదండీ. ఆయన 1902 మార్చి 10న ఫ్రీమాంటిల్ దగ్గర గుర్రం మీద సముద్రంలోకి వెళ్ళి తుపాకితో కాల్చుకున్నది నిజం. అప్పటికి పనే పూర్తి కాలేదు, ప్రారంభోత్సవం 1903 జనవరి 24న జరిగింది. కుళాయి కథ తరువాత పుట్టింది. ఆయనను కుంగదీసింది పత్రికల్లో నెలల తరబడి వచ్చిన నిందలూ, విచారణలూ. అప్పు 1927 నాటికి తీరిపోయింది. ఆ నీటి ఆధారంతో దారి పొడవునా గోధుమ పండించే ఊళ్ళు లేచాయి.

నల్లరేగడి గారి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: నీరు వచ్చిన 1903 ఆ కాలపు పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు ఉత్పత్తికి పతాక సంవత్సరం, ఆ ఏడు 20 లక్షల ఔన్సులు దాటింది. కానీ ఆ బంగారంలో పెద్ద భాగం గోల్డెన్ మైల్‌ది. గొట్టం ఎవరి పేరు మీద మొదలైందో ఆ కూల్గార్డీకి నీరు చేరేసరికి తాగేవారు తగ్గిపోయారు.

ఇసుకతిన్నె

ఒంటెల మాట ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నాను. అక్కడి వారు ‘ఆఫ్ఘన్లు’ అని పిలిచినవారిలో చాలామంది ఆనాటి బ్రిటిష్ ఇండియావారు. బలూచిస్తాన్, పంజాబ్, పెషావర్ ప్రాంతాల నుంచి, కరాచీ రేవు ద్వారా వెళ్ళారు. రైలు కూల్గార్డీ చేరింది 1896 మార్చిలో. అంతకు ముందు పిండి, మరల విడిభాగాలు, నీటి పీపాలు మోసినవి చాలావరకు వారి ఒంటెలే. ఫైజ్ మహమ్మద్, తాగ్ మహమ్మద్ అనే అన్నదమ్ములు కూల్గార్డీ కేంద్రంగా పెద్ద రవాణా వ్యాపారం నడిపారు. 1896 జనవరిలో కూల్గార్డీ మసీదులో ప్రార్థన చేస్తుండగా తాగ్ మహమ్మద్‌ను తోటి ఒంటెలవాడు కాల్చి చంపాడు. ఆ ఎడారిలో అందరి బంగారాన్నీ మోసిన ఈ మనుషులకు తమ పేరు మీద బంగారం తవ్వుకునే హక్కు పత్రం మాత్రం లేదు, ఆసియా దేశస్థులకు ఇవ్వరాదని చట్టమే ఉండేది.

ఇంకొక చిన్న సంగతి. ‘కూల్గార్డీ సేఫ్’ అని ఒక అలమర ఉంది. చుట్టూ గోనెపట్టా కట్టి, పైనున్న నీటి పళ్ళెం నుంచి దానిని తడుపుతూ ఉంటే గాలి తగిలి లోపలి మాంసం, వెన్న చల్లగా ఉండేవి. మన ఇళ్ళల్లో వేసవిలో కుండకు తడిగుడ్డ చుట్టడం, కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టడం ఇదే కిటుకు. ఇది పనిచేయాలంటే నీరు కావాలి కనుక, ధర దృష్ట్యా ఎన్ని ఇళ్ళల్లో వాడగలిగారన్నది నాకు సందేహమే.

కుప్పంవాసి

నీరు లేని చోటే నీరు ముంచెత్తిన ఘటన ఒకటి ఉంది. 1907 మార్చిలో కూల్గార్డీకి ఉత్తరాన బోనీవేల్ దగ్గర ఒక్కసారిగా కురిసిన కుండపోత వానకు గని నిండిపోయి, మోడెస్టో వారిస్కెట్టి అనే ఇటలీ కార్మికుడు లోపల గాలి నిలిచిన ఒక సందులో చిక్కుకున్నాడు. పైనున్నవారికి ఆయన రాతి మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. పెర్త్ వైపు నుంచి ప్రత్యేక రైలులో నీటిలో దిగే మనుషులను రప్పించారు. వారిలో ఫ్రాంక్ హ్యూస్, తానూ గని పనివాడే, ఇత్తడి శిరస్త్రాణం పెట్టుకొని చీకటి నీటిలో గాలి గొట్టాన్ని ఈడ్చుకుంటూ బురదలో తడుముకొంటూ చేరి, ఆహారం, కొవ్వొత్తులు అందించాడు. తొమ్మిదవ రోజున నీటి మట్టం కొంత తగ్గాక ఆయనను పట్టుకొని నడిపించి బయటకు తెచ్చాడు. మా తాతగారు గనిలో చప్పుళ్ళ భాష గురించి చెప్పేవారు: ఎవరూ మాట్లాడకుండా ఆగి, గోడకు చెవి పెట్టి, మళ్ళీ మూడు దెబ్బలు కొట్టడం. అందుకే ఈ కథలో ఆ చప్పుడు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

వాటాదారు

కాల్గూర్లీ కూడా సుఖంగా ఏమీ నిలవలేదు. 1920లలో అది దాదాపు కూల్గార్డీ దారే పట్టింది. ఖర్చులు పెరిగాయి, బంగారం ధర కదలలేదు. 1930లలో ధర పెరిగాక మళ్ళీ ఊపిరి వచ్చింది. 1931లో లార్కిన్‌విల్ దగ్గర పదిహేడేళ్ళ కుర్రవాడికి 1,135 ఔన్సుల ముద్ద దొరకడం కూడా ఆ నాటిదే. 1966లో దక్షిణాన కంబాల్డాలో నికెల్ దొరికింది. 1989లో గోల్డెన్ మైల్ పాత గనులన్నిటినీ ఒక్క యాజమాన్యం కిందికి తెచ్చి ‘సూపర్ పిట్’ అనే ఒకే బహిరంగ గనిగా తవ్వడం మొదలైంది. ప్రతి పదిహేను ఇరవై ఏళ్ళకు ఏదో ఒకటి ఆ ఊరిని పట్టుకొని లేపింది. పెద్ద మేట ఉంటే ధర కోసం వేచి ఉండవచ్చు. సన్నని సిరలకు ఆ వీలు లేదు.

పలుగూపారా

ఒప్పుకుంటున్నాను, పైన నేను రాతికే అంతా కట్టబెట్టాను. ఒకే గని మీద బతికిన ఊరికి మంచి రాయి కూడా చాలదనడానికి గ్వాలియా అనే ఊరు ఉంది. కాల్గూర్లీకి ఉత్తరాన లియోనోరా పక్కనున్న అక్కడి గనిని 1898లో నడిపినవాడు, తరువాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్. 1963 డిసెంబరు చివరి వారంలో గని మూసేశారు. సుమారు 1,200 మంది ఉన్న ఊరిలో మూడు వారాల్లో 40 మంది మిగిలారు. గోడకు తగిలించిన సామాను కూడా తీయకుండా వెళ్ళిపోయిన రేకుల ఇళ్ళు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కోలార్ 2001 ఫిబ్రవరిలో మూతపడినా, అది బెంగళూరుకు రైలు దూరంలో ఉండడం వల్ల జనం పనికి పోయి రాత్రికి ఇల్లు చేరగలుగుతున్నారు. గ్వాలియాకు ఆ అవకాశం ఏదీ?

నల్లరేగడి

అందరికీ కృతజ్ఞతలు. శ్మశానవాటికలో నేను చూసినవి ఇప్పుడు అర్థమవుతున్నాయి. 1890ల సమాధుల్లో ముప్పై దాటనివారి పేర్లే పదేపదే కనిపించాయి. ఆ ఎడారిని ఒంటెల మీద దాటిన అన్వేషకుడు ఎర్నెస్ట్ గైల్స్ సమాధి కూడా అక్కడే ఉంది; ఆయన చివరి రోజుల్లో గనుల కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి 1897లో చనిపోయాడట. వచ్చే చలికాలంలో గ్వాలియా వెళ్ళాలనుకుంటున్నాను. దారి ఎలా ఉంటుంది?

పలుగూపారా

కాల్గూర్లీ నుంచి లియోనోరాకు సుమారు 235 కిలోమీటర్లు, మొత్తం తారు రోడ్డే. సంధ్య వేళ కంగారూలు అడ్డం వస్తాయి కనుక పొద్దున్నే బయలుదేరండి. మధ్యలో మెంజీస్ తప్ప చెప్పుకోదగ్గ ఊరు లేదు. నీళ్ళ డబ్బాలు కాల్గూర్లీలోనే నింపుకోండి.